సంతోషం తగ్గితే విశ్వాసం తగ్గినట్టేనా?



సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదేపదే తిరుగుతూ ఉంటుంది. మీకూ వచ్చే ఉంటుంది. మనిషికి సంతోషాన్ని ఇచ్చే హార్మోన్లు నాలుగున్నాయట: ఎండార్ఫిన్, డోపమైన్, సెరటోనిన్, ఆక్సిటోసిన్. రోజూ అరగంట నడిస్తే ఒకటి, చేపట్టిన పని పూర్తి చేస్తే ఇంకొకటి, ఎవరికైనా మేలు చేస్తే మరొకటి, మనవాళ్లను దగ్గరికి తీసుకుంటే నాలుగోది ఊరుతుందట. ఈ నాలుగూ ఉంటే జీవితమంతా సంతోషమేనట. చివర్లో "పదిమందికి పంపండి" అని ఉంటుంది.

ఆ సందేశంలో నిజం లేకపోలేదు. అయితే అందులో ఉన్నది సగమే. మిగతా సగం తెలియకపోవడం వల్ల మన మధ్యనే కొందరు చెప్పుకోలేని బాధ పడుతున్నారు.

ఒక ఇంటిని మనసులో ఊహించుకుందాం. ఏ సంఘంలోనైనా ఇలాంటి ఇల్లు ఉండవచ్చు. కాన్పై ఇరవై రోజులైంది. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడు. ఇంట్లో అందరి ముఖాల్లో సంతోషమే. తల్లి మాత్రం ఏడుస్తోంది. బిడ్డ పడుకున్నా ఆమెకు నిద్ర పట్టడం లేదు. బిడ్డను చూస్తే ప్రేమ కలగడం లేదేమిటని లోలోపల భయపడుతోంది. ఆ మాట భర్తతో కూడా చెప్పలేదు. చూడటానికి వచ్చిన పెద్దావిడ, "దేవుడు బంగారంలాంటి బిడ్డను ఇస్తే ఏడుస్తావేంటమ్మా? కృతజ్ఞత ఉండాలి. బాగా ప్రార్థన చేసుకో" అంటారు. ఆమె ప్రేమతోనే అన్నారు. కానీ ఆమె వెళ్లాక ఆ తల్లికి దుఃఖంతో పాటు ఇంకో బరువు కూడా మిగిలింది. "నేను మంచి తల్లిని కాదు, మంచి విశ్వాసిని కూడా కాదు" అనే బరువు.

మేమూ ఇలాంటి మాటలు అన్నవాళ్లమే. అందుకే మన భావాలకూ హార్మోన్లకూ ఉన్న సంబంధం ఏమిటో, ఎంతవరకు ఉందో ఈ వారం నిదానంగా చూద్దాం.

హార్మోన్ అంటే ఏమిటి?

మన దేహంలో కొన్ని గ్రంథులు ఉన్నాయి. మెదడు అడుగున పిట్యూటరీ, గొంతు ముందు భాగంలో థైరాయిడ్, మూత్రపిండాల పైన అడ్రినల్, ఇంకా కొన్ని. ఇవి కొన్ని రసాయనాలను నేరుగా రక్తంలోకి వదులుతాయి. ఆ రసాయనం రక్తంతో ప్రయాణించి, దూరంగా ఉన్న అవయవానికి "ఈ పని మొదలుపెట్టు" అనో "ఇక చాలించు" అనో కబురు చేరుస్తుంది. ఆ కబురు మోసే రసాయనమే హార్మోన్.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతి కనిపెట్టారు. పొట్టలోని ఆమ్లం చిన్నపేగులోకి చేరగానే క్లోమగ్రంథి జీర్ణరసాన్ని వదులుతుంది. నరాల ద్వారా కబురు వెళ్తేనే ఇలా జరుగుతుందని అప్పటిదాకా అనుకునేవారు. వాళ్లు ఆ నరాలను తెంచి చూశారు. అయినా రసం వచ్చింది. అంటే కబురు రక్తంలో వెళ్తోందన్నమాట. 1905లో స్టార్లింగ్ ఇలాంటి రసాయనాలకు హార్మోన్ అనే పేరు వాడారు. కదిలించడం, పురికొల్పడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది.

వాట్సాప్ సందేశంలోని నాలుగింటిలో డోపమైన్, సెరటోనిన్ మెదడులో చేసే పని కొంచెం వేరు. అవి అక్కడ ఒక నరకణం నుంచి పక్క నరకణానికి కబురు అందిస్తాయి. వీటిని న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. హార్మోన్లు ఊరి నుంచి ఊరికి వెళ్లే ఉత్తరాలైతే, ఇవి పక్కింటివాళ్ల చెవిలో చెప్పే మాటలు.

ఆ నాలుగూ నిజంగా చేసే పని

డోపమైన్‌ను చాలామంది "ఆనంద రసాయనం" అంటారు. పరిశోధకులు గమనించింది అంతకంటే సూక్ష్మమైనది. వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్ల రసం ఇస్తూ వాటి మెదడులోని డోపమైన్ కణాలను పరిశీలించారు. మొదట్లో రసం నోట పడినప్పుడు ఆ కణాలు చురుకయ్యేవి. రసానికి ముందు ఒక గుర్తు వస్తుందని కోతికి అలవాటయ్యాక, గుర్తు కనిపించగానే చురుకయ్యేవి. రసం అందినప్పుడు మామూలుగానే ఉండేవి. గుర్తు వచ్చి రసం రాకపోతే, రావలసిన సమయానికి ఆ చురుకు పడిపోయేది. అంటే డోపమైన్‌కు దొరికినదానికంటే ఎదురుచూపుతోనే ఎక్కువ సంబంధం. ఫోన్ "టింగ్" మనగానే చెయ్యి దానంతట అదే ఎందుకు వెళ్తుందో, గంటసేపు చూసినా తృప్తి ఎందుకు ఉండదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఆశ పుట్టడం వేరు, ఆనందం కలగడం వేరు.

ఎండార్ఫిన్లు దేహం తనకు తాను తయారుచేసుకునే నొప్పి నివారిణులు. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ ఈ కుటుంబానికి చెందిన రసాయనాలను మెదడులో గుర్తించారు. ఎండార్ఫిన్ అనే పేరుకు "లోపలి మార్ఫిన్" అని అర్థం. పదిమంది కలిసి పాడినప్పుడు, కలిసి మనసారా నవ్వినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుందని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఎండార్ఫిన్లే అందుకు కారణమై ఉండవచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఆరాధనలో గొంతు కలిపి పాడి ఇంటికి వెళ్లేటప్పుడు ఒళ్లు తేలికైనట్టు అనిపించడం మనలో చాలామందికి అనుభవమే.

ఆక్సిటోసిన్ గురించి మన పల్లెల్లోని పెద్దలకు ఏనాడో తెలుసు, పేరు మాత్రమే తెలియదు. దూడను చూడగానే ఆవు "చేపింది" అంటాం. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపుకొస్తాయి. ఆ చేపు వెనుక ఉన్నది ఆక్సిటోసినే. కాన్పు నొప్పులప్పుడు గర్భసంచి ముడుచుకునేలా చేసేది కూడా ఇదే. 1953లో విన్సెంట్ డు విన్యో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాడి ఉన్న ఇంట్లో అందరికీ తెలిసిన ఇంకో సంగతి ఉంది. బెదిరిన ఆవు చేపదు. కొత్త చెయ్యి పడినా, కుక్క మొరిగినా పాలు ఎగబడతాయి. భయం కలిగినప్పుడు ఆక్సిటోసిన్ పని ఆగిపోతుంది. తల్లి విషయంలోనూ అంతే. గద్దిస్తే చేపు రాదు, ధైర్యం చెబితే వస్తుంది.

ఇక సెరటోనిన్. ఇది నిద్రకు, ఆకలికి, మనోస్థితికి సంబంధించినది. దేహంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అది మెదడులోకి వెళ్లదు. కాబట్టి ఫలానా పండు తింటే మెదడులో సెరటోనిన్ పెరిగి దిగులు పోతుందన్న మాటలు నమ్మదగినవి కావు. డిప్రెషన్‌కు వాడే మందుల్లో చాలావరకు సెరటోనిన్ మీద పనిచేస్తాయి, ఎంతోమందికి మేలు చేస్తాయి. అంతమాత్రాన "డిప్రెషన్ అంటే సెరటోనిన్ తక్కువ కావడమే" అని చెప్పలేం. దానికి కారణాలు అనేకం. అయితే ఈ మాట విని వాడుతున్న మందును ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఆపాలన్నా తగ్గించాలన్నా డాక్టరు గారే చెప్పాలి.

భయం, కోపం, దిగులు

ఆ సందేశంలో చోటు దొరకని హార్మోన్లు ఇంకా ఉన్నాయి. చీకట్లో వస్తుంటే కుక్క మీదికి ఉరికిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. అడ్రినల్ గ్రంథులు వదిలిన అడ్రినలిన్ చేసే పని ఇది. పారిపోవడానికో ఎదిరించడానికో దేహాన్ని సిద్ధం చేస్తుంది. వాల్టర్ కేనన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1915లో ఈ సంగతిని వివరంగా రాశారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పరీక్ష హాల్లో కూర్చున్న విద్యార్థికీ, పెళ్లి పీటల మీద ఉన్న పెళ్లికూతురికీ, పట్టరాని కోపంతో ఊగిపోతున్న మనిషికీ గుండె దాదాపు ఒకేలా కొట్టుకుంటుంది. రక్తంలో పరుగెత్తేది అదే అడ్రినలిన్. కానీ ఒకరిది భయం, ఒకరిది సంతోషం, ఒకరిది కోపం. హార్మోన్ దేహాన్ని కదిలిస్తుంది. ఆ కదలికకు అర్థం మన పరిస్థితి నుంచి, జ్ఞాపకాల నుంచి, నమ్మకాల నుంచి, పక్కనున్న మనుషుల నుంచి వస్తుంది. కాబట్టి "మనిషి అంటే వట్టి రసాయనాలే" అనడం తొందరపాటు. "భావాలకూ దేహానికీ సంబంధం లేదు" అనడమూ తొందరపాటే.

కార్టిసాల్ ఇంకొకటి. ఇది తెల్లవారేటప్పుడు పెరిగి మనల్ని మేల్కొలుపుతుంది, రాత్రికి తగ్గుతుంది. కష్టం వచ్చినప్పుడు పెరిగి శక్తినిస్తుంది. కష్టం తీరాక తగ్గిపోవాలి. అప్పు తీరకపోతే, ఇంట్లో తాగుడు ఆగకపోతే, కూతురి కాపురం చక్కబడకపోతే ఒత్తిడి నెలల తరబడి ఉండిపోతుంది. నిద్ర పాడవుతుంది, బీపీ, షుగరు అదుపు తప్పుతాయి, చిన్న మాటకే చిరాకు వస్తుంది. అలాంటివారికి "అరగంట నడవండి, సంతోషంగా ఉండండి" అని చెప్పి పంపించేయడం సరిపోదు. బరువులో కొంతైనా ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"చల్లారిపోయింది" అని మనం అనేటప్పుడు

ఒక అక్క ఆదివారం ఆరాధనకు రావడం తగ్గించింది. వచ్చినా వెనక కూర్చుని కునికిపాట్లు పడుతోంది. పాడటం లేదు, ఎవరితోనూ కలవడం లేదు. "విశ్వాసంలో చల్లారిపోయింది" అని మనం అంటాం. నిజంగా ఆమెకు ఒళ్లే చల్లగా ఉంటుండవచ్చు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే అందరికంటే ఎక్కువ చలి వేస్తుంది. నీరసం, మతిమరుపు, మలబద్ధకం, జుట్టు రాలడం, ఒళ్లు పెరగడం, కారణం తెలియని దిగులు, ఇవన్నీ దాని లక్షణాలే. హైదరాబాద్‌తో సహా మన దేశంలోని ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. మగవారికీ వస్తుంది గాని ఆడవారిలోనే ఎక్కువ. టీ.ఎస్.హెచ్. అనే మామూలు రక్తపరీక్షతో తెలిసిపోతుంది. పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్రతో చాలామంది కోలుకుంటారు. ఆ మాత్రలో ఉండే థైరాక్సిన్‌ను ఎడ్వర్డ్ కెండాల్ అనే శాస్త్రజ్ఞుడు గ్రంథి నుంచి మొదటిసారి వేరుచేసింది 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున!

ఇప్పుడు మొదట చెప్పుకున్న తల్లి దగ్గరికి వద్దాం. గర్భంతో ఉన్న తొమ్మిది నెలలూ ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు పెరుగుతూ పోతాయి. కాన్పై మాయ పడిపోగానే కొద్ది రోజుల్లోనే అవి ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే కాన్పైన మూడు నాలుగు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు వస్తుంది. ఇది సాధారణంగా రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రాహారాలు లేకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన సమీక్ష ప్రకారం సుమారు 22 శాతం తల్లుల్లో ఇది కనిపించింది. అంటే ఐదుగురిలో ఒకరికి.

హార్మోన్లు పడిపోవడం తల్లులందరికీ జరిగేదే. మరి కొందరికే ఎందుకు ఈ జబ్బు వస్తుంది? ఆ హెచ్చుతగ్గులను కొందరి దేహం తట్టుకోలేదు. దానికి తోడు అంతకుముందు డిప్రెషన్ వచ్చి ఉండటం, పేదరికం, భర్త కొట్టడం, చేయూత లేకపోవడం కూడా కారణాలవుతాయి. మన దేశంలో ఇంకో కారణం కూడా పరిశోధనల్లో బయటపడింది, ఆడపిల్ల పుట్టడం. ఆడపిల్లలో లోపమేమీ లేదు. పుట్టిందని చుట్టూ ఉన్నవాళ్లు ముఖం మాడ్చుకోవడంలో ఉంది. గ్రంథుల పని మన చేతుల్లో లేదు. మన ముఖాలు, మన మాటలు మన చేతుల్లోనే ఉన్నాయి.

ఇంకో హెచ్చరిక. చాలా అరుదుగా, వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి, మాటలు తప్పడం, లేని స్వరాలు వినిపించడం, బిడ్డ గురించి వింత భయాలు కలగడం జరుగుతుంది. దాన్ని దెయ్యం అనుకుని ఉపవాస కూటాలకు, ఊరూరా తిప్పుతూ రోజులు పోగొట్టుకోవద్దు. అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వైద్యంతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

షుగరుకు లేని నింద మనసుకెందుకు?

ఇన్సులిన్ కూడా హార్మోనే. 1921లో టొరంటోలో దాన్ని వేరుచేశాక లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. మన పాస్టరు గారు భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటే ఆయన విశ్వాసాన్ని ఎవరూ శంకించరు. పైగా "టైముకి వేసుకోండి అయ్యగారూ" అని గుర్తుచేస్తాం. క్లోమగ్రంథి హార్మోన్ తగ్గితే జబ్బు అంటున్నాం. థైరాయిడ్ తగ్గితేనో, మెదడులోని కబుర్లు తారుమారైతేనో పాపం అంటున్నాం. ఈ తేడా వాక్యంలో లేదు, మన అలవాటులో ఉంది.

ఏలీయాను గుర్తుచేసుకోండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపు విని అరణ్యానికి పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. అప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా లేపి తినిపించాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకున్నాడు. "ఇక్కడ ఏమి చేస్తున్నావు?" అన్న ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది. మొదట దేహం, ఆ తర్వాత సంభాషణ.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని చేసే ప్రార్థన ఎంతో ఆదరణ. కానీ ప్రార్థన వైద్యానికి అడ్డం కాకూడదు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే కదా.

మన సంఘం చేయగలిగినవి

బాలింతను చూడటానికి వెళ్లినప్పుడు బిడ్డను చూసి ఊరుకోకుండా, "అమ్మా, నీకు నిద్ర పడుతోందా? మనసు ఎలా ఉంది?" అని అడుగుదాం. ఒక పూట వంట చేసి పంపుదాం. రెండు గంటలు బిడ్డను చూసుకుని ఆమెను పడుకోనిద్దాం. మహిళా కూటాల్లో ఏడాదికి ఒకసారైనా ఒక నర్సమ్మనో డాక్టరమ్మనో పిలిచి ఈ విషయాలు చెప్పిద్దాం. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, నీరసం ఉన్నవారిని, వాళ్లు మగవారైనా ఆడవారైనా, డాక్టరు దగ్గరికి మనమే తోడు తీసుకెళ్దాం. వారికి థైరాయిడ్, షుగరు, రక్తహీనత ఉన్నాయేమో పరీక్ష చేయిద్దాం. ఆయాసానికో కీళ్ల నొప్పులకో వాడే స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా మనసు అటూ ఇటూ కావచ్చు. ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పమందాం.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు, గద్దించవద్దు, ఒంటరిగా వదలవద్దు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును మందిరం నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి.

సంతోషంగా ఉండమని వాక్యం చెబుతోంది. అదే వాక్యం ఏడ్చేవారితో కూడా ఉండమంటోంది. ఈ ఆదివారం వెనక వరుసలో ఎవరైనా పాడకుండా కూర్చుంటే, వారి విశ్వాసం ఎంతుందో కొలవకండి. ఆరాధన అయ్యాక వెళ్లి పక్కన కూర్చోండి. "వదినా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి.